గోధుమగింజయు నిలువుదోపిడియు

తిరుపతి ప్రాంతమున పుట్టి పెరిగినవారికి నిలువుదోపిడి అను మాట క్రొత్తది కాదు. ఆపదలో మ్రొక్కుకొన్న భక్తుడు కొండకు వచ్చి, ఆ క్షణమున తన ఒంటిమీదనున్న నగలన్నింటిని ఒలిచి హుండీలో సమర్పించుటకు ఆ పేరు. ఎవరు పెట్టిరో కాని చాల లోతైన పేరు. దోపిడి యనగా ఒకడు మరియొకని సొమ్మును బలిమితో హరించుట. ఇచట దోచుకొనబడువాడే తన దోపిడికి ముహూర్తము పెట్టుకొని, దారి ఖర్చులు తానే భరించి, కొండ యెక్కి వచ్చును. 'నిలువు' అనుటలో మరియొక విశేషము కలదు. ఉన్నవాడు ఉన్నట్లుగా నిలిచి ఈయవలయునే కాని, ఇది ఉంచుకొందును, అది ఇత్తునని ఏరుకొనుటకు వ్యవధి లేదు. బయలుదేరునపుడే బరువైన గొలుసును పెట్టెలో భద్రపరచి, సన్నని ఉంగరముతో వచ్చినవానికి మ్రొక్కు తీరినట్లా, తీరనట్లా? శాస్త్రజ్ఞులు ఏమి చెప్పుదురో గాని, అట్లు వచ్చినవాని మనస్సునకు మాత్రము జవాబు తెలిసియే యుండును.

విడుచుటవలన ఆత్మ పెరుగునని అన్ని మతములును చెప్పుచున్నవి. క్రైస్తవ మతము ఆ మాటను ఏ అర్థమున చెప్పుచున్నదో విచారించుటకు ఈ నిలువుదోపిడికంటె తగిన వాకిలి నాకు మన సీమలో కనబడలేదు. ఏలయన, క్రైస్తవ గ్రంథమున మొట్టమొదట నిలువుదోపిడి ఇచ్చినవాడు భక్తుడు కాడు, భగవంతుడు.

పౌలు చెరసాలనుండి ఫిలిప్పీ పట్టణపు సంఘమునకు వ్రాసిన లేఖలో ఈ భావము వచ్చును. దైవత్వపు వైభవమును క్రీస్తు తన సొత్తని పిడికిట బిగించుకొనక, సేవకుడై మనుష్యుల నడుమకు దిగివచ్చెనని ఆ ఘట్టపు తాత్పర్యము. గ్రీకు మూలమున అచట నున్న క్రియకు ఖాళీ చేయుట అని అర్థము. దానినుండియే పాశ్చాత్య వేదాంతులు 'కెనోసిస్' అను పారిభాషిక పదమును చేసికొనిరి. మన తెలుగు బైబిలు అనువాదకులు ఆ చోట 'రిక్తుడు' అను మాటను వాడిరి.

ఆ మాట తెలుగు చెవికి ఎట్లు వినబడునో ఒక్కసారి ఆలోచింపుడు. గడప దాటినవానికి నిండుబిందె ఎదురైన శుభము. వట్టిబిందె ఎదురైన వెనుకకు మరలి, కాసేపు కూర్చుండి, మంచినీళ్లు త్రాగి మరల బయలుదేరుదుము. పెద్దలను పూర్ణకుంభముతో ఎదుర్కొందుము. బూరెలోపలి తీపికిని మనము పూర్ణమనియే పేరు పెట్టుకొంటిమి. పంచాంగమున చవితి, నవమి, చతుర్దశి రిక్త తిథులు. శుభకార్యములకు వానిని వర్జింతురు. నిండుదనమును ఇంతగా పూజించు భాషలో, దేవుని తెచ్చి వట్టిబిందె స్థానమున నిలిపిన ఆ అనువాదకుల సాహసమునకు అబ్బురపడక తప్పదు. వేరు మాట లేక కాదు. తగ్గించుకొనెననియో, అణకువ చూపెననియో వ్రాసి తప్పించుకొనవచ్చును. అట్లు చేయలేదు.

అయితే ఇచట ఒక చిక్కు కలదు. విడువుమని చెప్పుట సులభము. ఎవరికి చెప్పుచున్నామో చూడవలయును. కరవుసీమలో రెండు పూటల గంజికి నోచుకొనని కూలివానికి త్యాగమును బోధించువాడు ఏ మతమువాడైనను, ఎంత పెద్ద పీఠముమీద కూర్చున్నవాడైనను, ఆ బోధ ఉత్త దోపిడియే, నిలువుదోపిడి కాదు. మన ఇండ్లలోనే చూడుడు. తమ్ముని చదువుకొఱకు అక్క బడి మానవలసివచ్చినపుడు ఆమె త్యాగమూర్తి యని మెచ్చుకొందుము. ఆమె విడువలేదు, ఆమె చేతిలోని పలకను మనము లాగుకొంటిమి. ఉపాధ్యాయులు ఇట్టి ఆడపిల్లలను ఎందరినో చూచియుందురు. జూన్ నెలలో ఖాళీగా నుండు ఆ స్థానములకు ఆధ్యాత్మికమైన పేరు పెట్టుట పాపము.

మార్కు సువార్త పదవ అధ్యాయమును ఈ దృష్టితో చదువవలయును. ఒకే అధ్యాయమున ఇద్దరు మనుష్యులు క్రీస్తు నెదుటికి వత్తురు. మొదటివాడు ఆస్తిపరుడు, సచ్ఛీలుడు, ధర్మములన్నియు చిన్ననాటినుండి పాటించినవాడు. వానిని చూచి క్రీస్తు ప్రేమించెనని కూడ అచట చెప్పబడినది. ఉన్నది అమ్మి బీదలకిచ్చి తనవెంట రమ్మని వానితో చెప్పగా, వాడు ముఖము చిన్నబుచ్చుకొని వెడలిపోయెను. రెండవవాడు యెరికో దారిప్రక్కన కూర్చున్న గ్రుడ్డి బిచ్చగాడు బర్తిమయి. వానిని ఏమియు విడువుమని అడుగలేదు. నీకేమి కావలయునని మాత్రమే అడిగెను. దృష్టి కావలయునని వాడు చెప్పెను, దృష్టి లభించెను. విడుపును ఎవరినుండి కోరవలయునో, ఎవరికి ముందుగా ఈయవలయునో క్రీస్తునకు తెలియును. ఈ ఘట్టమున ఒక చిన్న వివరము కలదు; చదువరులు తరచు దానిని గమనింపరు. పిలుపు వినగానే బర్తిమయి తన పైబట్టను పారవైచి లేచి వచ్చెను. బిచ్చగానికి పైబట్ట యనగా రాత్రి కప్పుకొను దుప్పటి, పగలు నాణెములు పడుటకు పరచుకొను చాప. వానికున్నది అంతయు అదియే. ఎవరును అడుగకుండనే అది జారిపోయెను. ధనికుడు అడిగినను ఈయలేకపోయెను. విడుపు ఆజ్ఞవలన వచ్చునది కాదనియు, మరియొకదానిని చూచినపుడు చేయి తనంతట తెరచుకొనుటయే విడుపనియు ఆ రెండు చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి సువార్తికుడు సూచించెనని నా అభిప్రాయము.

గోధుమగింజ భూమిలో పడి చావకున్న ఒంటిగానే మిగిలిపోవునను దృష్టాంతము యోహాను సువార్త పండ్రెండవ అధ్యాయములోనిది. చిత్తూరు ప్రాంతమువారికి గోధుమలు దుకాణమునుండి వచ్చునే కాని పొలమునుండి రావు. మన మెట్టపొలముల పంట వేరుశనగ. ఆ మొక్కను ఎరిగినవారికి ఈ దృష్టాంతము మరింత బాగుగా తెలియవలెను. తిండికి కొరత వచ్చిన ఏట కూడ రైతు విత్తనపు కాయల మూటను ముట్టడు. ఇంటిల్లిపాదియు కూర్చుండి కాయ లొలిచి, పుచ్చులేరి, వాన పడగానే నాగటివెంట చాలులో జారవిడుచును. ఆ మూటను చిత్రాన్నములోనికి వేయించుకొన్నను పోవును, మట్టిలో వేసినను పోవును. కాని రెండు పోవుటలును ఒకటి కావు. విడుచుట వేరు, పారవేయుట వేరు. విడుచుటకు ఒక నేల కావలయును, ఒక పదును కావలయును.

వేరుశనగ మరియొక పాఠమును కూడ చెప్పును. ఇది గోధుమకు లేదు. దాని పసుపుపచ్చని పూవు వెలుగులో పూచి వాడిపోవును. ఆ వాడిన చోటినుండి ఊడ యొకటి క్రిందికి దిగి నేలలో గ్రుచ్చుకొనును. కాయ ఆ చీకటిలో ఊరును. నేల గట్టిపడి ఊడ దిగకున్న ఎన్ని పూవులు పూచినను కాయ లేదు. మనుష్యుని సత్కార్యములును ఇట్టివే. పదిమంది చూచునప్పటి పూతతో ఆగిపోయినవి ఎన్నియో కలవు. చెడ్డదానిని విడుచుట నీతి. అది అందరును చెప్పునదే, దానికి క్రైస్తవ మతమే అక్కరలేదు. తాను చేసిన మంచిపనిని, అది ఇంకను పచ్చగా నున్నప్పుడే, తన పేరు చెరిపి ఇతరుల చేతిలో పెట్టుట అంతకంటె కష్టమైనది. మన సీమ చరిత్రయందు దీనికి రెండు నిదర్శనములు కలవు. ఒకటి బలిమిని జరిగినది, మరియొకటి తెలిసి చేసినది.

మొదటిది తిరుపతికి సంబంధించినది. జర్మనీదేశమున హెర్మన్స్‌బర్గ్ అను పల్లెలో లూయీ హార్మ్స్ అను గురువు 1849లో ఒక మిషనును స్థాపించెను. ఆ మిషను పక్షమున ఆగస్టు మిలియుస్ 1865లో సూళ్లూరుపేటయందు పని ప్రారంభించెను. నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి మున్నగు తావులకు ఆ పని వ్యాపించినది. సుమారు ఏబది యేండ్లు గడచినవి. ఇంతలో 1914లో ప్రపంచయుద్ధము వచ్చెను. బ్రిటిషు ప్రభుత్వపు దృష్టిలో జర్మనులు శత్రుదేశీయులైరి. వారిని నిర్బంధించి, పిదప దేశమునుండి పంపివేసిరి. అరశతాబ్దపు బడులు, ప్రార్థనాలయములు, సమాధులు ఇచటనే మిగిలినవి. యుద్ధానంతరము అమెరికాలోని ఒహాయో సినడుకు చెందిన లూథరనులు ఆ బాధ్యతను స్వీకరించిరి. కాలక్రమమున తిరుపతి కేంద్రముగా దక్షిణాంధ్ర లూథరను సంఘము ఏర్పడెను.

ఇది త్యాగకథ యని చెప్పుట అసత్యమగును. యుద్ధము లాగుకొన్నది, వారు ఇచ్చినది కాదు. కాని బలిమిని పోయినదాని విషయమున కూడ మనుష్యునకు ఒక స్వాతంత్ర్యము మిగిలియుండును. నేను నాటిన చెట్టునీడలో ఎవడో కూర్చున్నాడని కడపటివరకు కుములవచ్చును. లేదా ఆ నీడ తఱుగలేదు గదా యని తృప్తిపడవచ్చును. పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయులకు ఈ రెండు దారులును బాగుగా తెలియును.

రెండవది మదనపల్లెది. తిరుపతినుండి భాకరాపేట ఘాటు ఎక్కి పీలేరు మీదుగా పోయిన గాలి మారును, ఉక్క తగ్గును. 2022వ సంవత్సరపు జిల్లాల పునర్విభజనవరకు మదనపల్లె చిత్తూరు జిల్లాలోనిదే. అమెరికను ఆర్కాటు మిషనుకు అది పాత కేంద్రము. తెలుగు బైబిలు సవరణకు ఏండ్ల తరబడి పాటుపడిన జేకబ్ చేంబర్లేను 1908లో కన్నుమూసినది అచటనే. ఆ ఊరి సమీపమున 1912లో డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ క్షయరోగుల కొఱకు చికిత్సాలయమును ఆరంభించెను. 1915 నాటికి అది ఆరోగ్యవరము అను పేర స్థిరపడెను. దాని పూర్తి పేరులో 'యూనియన్ మిషన్' అను రెండు మాటలుండెడివి. అమెరికనుల కేంద్రములో డేనిషు వైద్యుడు కట్టిన ఆసుపత్రికి ఏ ఒక్క సంఘపు పేరును పెట్టక, పలు మిషనులు కలిసి పోషించినవి. ఒకరి గుడిగంట మరియొకరికి గిట్టని ఆ రోజులలో ఇది తక్కువ విషయము కాదు.

ఆనాడు ఆరోగ్యవరమునకు పోవుట యనగా నేమో నేటి విద్యార్థులకు తెలియదు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడువరకు క్షయకు తగిన మందు లేదు. మంచి గాలి, మంచి ఆహారము, నెలల తరబడి మంచముమీద విశ్రాంతి, ఇదియే చికిత్స. రోగి గుమాస్తా యైన ఉద్యోగమును, విద్యార్థి యైన పరీక్షను, తల్లి యైన చంటిబిడ్డను విడిచి పోవలసి యుండెను. తిరిగి వత్తునో రానో తెలియదు. ఆ కాలపు క్షయ చికిత్సాలయములలో మరియొక విధానము వాడుకలో నుండెను: ప్రక్కటెముకల లోపలి పొరల నడుమకు గాలి నెక్కించి, చెడిన ఊపిరితిత్తిని ముడుచుకొనునట్లు చేయుట. పని మానిన ఊపిరితిత్తికి గాయము మానుటకు వ్యవధి దొరకునని వైద్యుల ఆశ. ఊపిరి పీల్చుటయే ధర్మముగా గల అవయవమును ఊపిరి మానుమని చెప్పి బ్రతికింప జూచుట! వైద్యము కొఱకు చేసినదే కాని వేదాంతము కొఱకు చేసినది కాదు. అయినను ఎడతెగక శ్రమించుటయే పుణ్యమని నమ్మిన మావంటివారికి అది చదివినపుడు మనస్సు ఒక్కక్షణము నిలిచిపోవును.

ఆరోగ్యవరపు బాధ్యత కాలక్రమమున భారతీయుల చేతికి వచ్చెను. అచట వైద్యాధ్యక్షుడుగా పనిచేసిన డాక్టరు పి. వి. బెంజమిన్ తరువాత భారత ప్రభుత్వమునకు క్షయవ్యాధి సలహాదారయ్యెను. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాల కార్యక్రమము మదనపల్లెలోనే మొదలైనది. ఇంతవరకు ఏ సంస్థకైనను గర్వించదగిన కథయే. దీని తరువాత జరిగినది మాత్రము సంస్థల చరిత్రలలో అరుదుగా చదువుదుము.

1956లో మదరాసులో ఒక పరిశోధన ప్రారంభమయ్యెను. భారత వైద్య పరిశోధన మండలి, మదరాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్యసంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి కలిసి చేపట్టినవి. 193 మంది బీద రోగులను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విడదీసిరి. ఒక వర్గమును చికిత్సాలయమున ఉంచిరి. రెండవ వర్గమును వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచి అవే మందులను ఏడాదిపాటు ఇచ్చిరి. 1959లో ఫలితము వెలువడెను. ఇంటివద్ద, చాలీచాలని తిండితో నున్నవారికిని దాదాపు అంతే గుణము కనబడెను. ఇంటిలోని ఇతరులకు అందువలన అపాయము హెచ్చినదియు లేదు. అనగా చల్లని గాలియు, కొండచరియలును, వరుస మంచములును, దశాబ్దముల కష్టార్జితమైన ఆ యేర్పాటంతయు ఇక తప్పనిసరి కాదు. లోకమంతటను క్షయ చికిత్సాలయములకు ఇది మరణవార్త. రోగికి మాత్రము శుభవార్త: తల్లి ఇక బిడ్డను విడిచి పోనక్కరలేదు.

సంస్థను ప్రేమించుటయు, సంస్థ ఎవరికొఱకు పుట్టెనో వారిని ప్రేమించుటయు ఒకటియే యని మనము సాధారణముగా అనుకొందుము. ఇట్టి ఘడియలో ఆ రెండును విడిపోవును. క్షయమును పారద్రోలుటకు పుట్టిన ఆసుపత్రి, క్షయరోగి తన మంచమునకు రానక్కరలేని రోజును చూచి సంతసింపగలుగుట, యోర్దాను తీరమున బాప్తిస్మమిచ్చు యోహాను తన శిష్యులు ఒక్కొక్కరే తన్ను విడిచి యేసు వెంట పోవుచుండగా చూచి సంతసించుటవంటిది. ఆరోగ్యవరము మూతపడలేదు. పేరు మార్చుకొని, సాధారణ వైద్యశాలగా, నర్సులకు చదువు చెప్పు చోటుగా మారినది. పాత రూపమును పట్టుకొని యుండినచో శిథిలమై యుండును.

మదనపల్లె మాట వచ్చినపుడు ఆ ఊరిలోనే 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని గూర్చి పాఠకులు అడుగక మానరు. తన కొఱకు కట్టిన నక్షత్ర సంఘమును, దాని వేలకొలది సభ్యులను, 1929లో హాలండులోని ఓమెనులో ఆయన ఒక్క ఉపన్యాసముతో విడిచిపెట్టెను. అంతటి విడుపు ఈ కాలమున అరుదు. దానిని క్రైస్తవమని పిలుచుట ఆయనకు అన్యాయము. సత్యమునకు సంఘముతో పనిలేదని ఆయన విడిచెను. క్రైస్తవుడు విడుచునది సాధారణముగా సంఘమును కాదు, సంఘమునకే. ఆయన చేతులు దులుపుకొనెను. వీరు చేతులు మార్చిరి. రెండింటిలో ఏది గొప్పదో తేల్చుట నా పని కాదు గాని, రెండును ఒకటే యని చెప్పుట సోమరితనము.

ఇక బడికి వచ్చెదను. పునరుత్థానదినమున తోటలో మగ్దలేనే మరియ యేసును గుర్తుపట్టినపుడు ఆమె పిలిచిన పిలుపు ప్రభువా యని కాదు, రాజా యని కాదు. హెబ్రీ భాషలో గురువును పిలుచు పిలుపు. చనిపోయెనని ఏడ్చిన గురువు కనబడినపుడు ఏ శిష్యురాలు పాదములు పట్టుకొనక ఉండును? ఆయన పట్టుకొనవద్దని చెప్పి, సోదరులయొద్దకు వెళ్లి తెలుపుమని పంపెను. కఠినముగా వినబడు మాట. కాని ఆమె పాదములను పట్టుకొని అచటనే యుండినయెడల ఆ వార్త తోట దాటెడిది కాదు. గురువు శిష్యురాలిని విడిచెను, శిష్యురాలు గురువును విడిచెను. ఆ క్షణమున ఆమె శిష్యురాలినుండి దూతగా పెరిగెను.

మన ఉపాధ్యాయులలో మంచివారికి ఒక బలహీనత యుండును. తాము తీర్చిదిద్దిన తెలివైన పిల్లవానిని మరియొక ఊరి బడికి పంపుటకు మనస్సొప్పదు. మన బడి ఫలితములు ఏమగును, మన ఊరి పేరేమగును అని ఆలోచింతురు. ఆ పిల్లవాని తండ్రి బదిలీపత్రము కొఱకు వచ్చి గుమ్మమున నిలుచుండును. మేష్టరుగారు కండ్లద్దములు సవరించుకొని, ఆ యేటి మార్కులు మరియొకసారి చూచి, ప్రవర్తన అను గడిలో ఏమి వ్రాయవలెనో కొంతసేపు ఆలోచించి, వ్రాసి, సంతకము చేసి, ముద్ర వేసి ఇత్తురు. హాజరుపట్టీలో ఆ పేరుమీద ఎఱ్ఱసిరాతో గీత గీయుదురు. జూన్‌లో ఆ వరుస సంఖ్యయొద్ద మరియొక పేరు వ్రాసికొందురు.